ఆకు అయిపోయేదాకా సభ

ఆస్ట్రేలియాకు నేను ఎన్నడూ వెళ్లలేదు. అయినా ఈ ఎండాకాలం కువైట్‌లో, ఫర్వానియాలోని మా ఫ్లాటులో ఏసీ కింద కూర్చొని ఆ దేశపు సంఘాల చరిత్రలు మూడింటిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఒకటి అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల సంఘానిది. రెండోది తమ పేట పక్కన పారే వాగును పూడ్చనివ్వకుండా కాపాడుకున్న ఆడవాళ్లది. మూడోది ఒక చిన్న రాజకీయ పార్టీ శాఖది. ఆ శాఖ ఏ ఎన్నికా గెలిచినట్టు పుస్తకంలో లేదు. కానీ వానొచ్చినా, వడగాలి కొట్టినా వారానికొకసారి సమావేశం మాత్రం ఆపలేదు.

మూడూ రాసింది ఒకావిడే. మెల్‌బోర్న్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన పెద్దావిడ, అక్కడి మనిషే. అడిగిన సంఘానికల్లా ఉచితంగా చరిత్ర రాసిపెడుతుందట. ఆమె పని తీరు నాకు బాగా నచ్చింది. సంఘం పాత పెట్టెలు తెరిచి, సమావేశాల నోట్సు చదివి, అందులో ఉన్నదే రాస్తుంది. ఎవరు ఏం మాట్లాడారో ఎంత శ్రద్ధగా రాస్తుందో, ఆ రోజు పాలు ఎవరు తెచ్చారో కూడా అంతే శ్రద్ధగా రాస్తుంది. పార్టీ శాఖవాళ్లు టీ చర్చకు ముందు తాగాలా, తర్వాత తాగాలా అని మూడు వారాలు తగవు పడ్డారు. ఆ తగవుకు సగం అధ్యాయం ఇచ్చింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, అక్కడి నోట్సులో మొట్టమొదట రాసేది రానివాళ్ల గురించి. ఫలానావారు రాలేకపోయారు, మన్నించమన్నారు అని రాసుకున్నాకే మిగతా పని మొదలవుతుంది. చదువుకునే రోజుల నుంచి డైరీ రాస్తున్న నాకు ఈ ఆలోచన ఒక్కనాడూ రాలేదు. నా డైరీల నిండా వచ్చినవాళ్లే.

ఆ పుస్తకాలు నాకు పంపింది నర్సమ్మ. ఒకప్పుడు ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసేది కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమెదీ నాదీ భీమవరం వైపే. నన్ను బాబాయ్ గారూ అంటుంది. చాలా ఏళ్ల కిందట కువైట్ వదిలి మెల్‌బోర్న్ వెళ్లింది. అక్కడ ఊరి చివర ఒక కొత్త కాలనీలో మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి, మనవైపు నుంచి కొత్తగా దిగినవాళ్లకు సాయం చేసే సంఘం పెట్టింది. ఇప్పుడది పెద్దదైంది. దాని చరిత్ర కూడా ఆ లైబ్రేరియన్ పెద్దావిడే రాస్తోంది. మొదటి అధ్యాయం కువైట్‌తో మొదలవుతుందని నర్సమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎందుకంటే వాళ్లు సభ జరిపే పద్ధతి ఇక్కడిదే.

ఆ పద్ధతి చెప్పాలంటే మా సంఘం గురించి చెప్పాలి. సంఘం అని మేం అనుకోవడమే కానీ బోర్డు లేదు, రబ్బరు స్టాంపు లేదు. ప్రతి శుక్రవారం ఫర్వానియాలో ఎవరో ఒకరి హాల్లో పదిహేను ఇరవై మంది చేరతాం. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన కూలీలు, కడప, అన్నమయ్య జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికి వచ్చిన ఆడవాళ్లు, నాలాంటి గోదావరివాళ్లు ఇద్దరు ముగ్గురు. ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కాగితాల్లో ఏముందో చదివి చెప్పడం, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల దగ్గరికి వంతులేసుకొని వెళ్లడం, కొత్తగా వచ్చినవాళ్లకు బస్సు నంబర్లు నేర్పడం, ఇవే మా పనులు. హాలు మధ్యలో పాత దుప్పటి పరిచి గోంగూర కట్టలు పోస్తాం. చుట్టూ కూర్చొని ఆకు ఒలుస్తూ మాట్లాడుకుంటాం. మాట్లాడేవాడి చేతులు ఆగకూడదు. మాట సాగదీసేవాడి ముందుకు పెద్ద కట్ట జరుగుతుంది. ఆకు అయిపోతే సభ ఖలాస్. ఆ తర్వాత ఎంత ముఖ్యమైన సంగతి గుర్తొచ్చినా వచ్చే శుక్రవారమే. మేం గోంగూర అంటాం, తెలంగాణవాళ్లు పుంటికూర అంటారు, కడపవాళ్లు గోగాకు అంటారు. ఏది అసలు పేరన్న వాదనకే మొదటి కట్ట సరిపోతుంది.

నర్సమ్మ ఈ పద్ధతిని మెల్‌బోర్న్ తీసుకుపోయింది. అక్కడ చలికాలంలో గోంగూర దొరకదు, మెంతికూర ఒలుస్తారు. కాలనీకి బస్సు స్టాపు కావాలని వాళ్లు పోరాడుతున్నప్పుడు మునిసిపల్ ఆఫీసు నుంచి ఒక అధికారి మాట్లాడటానికి వచ్చాడు. ఆయన ముందూ ఒక కట్ట పెట్టారు. మొదటి కట్టలో ఆకులు పారేసి కాడలు దాచాడట. రెండో కట్టకు చెయ్యి తిరిగింది. మూడో కట్ట అయ్యేలోపు స్టాపు ఎక్కడ పెట్టాలో కాగితం మీద గీసి చూపించాడు. ఆ స్టాపు ఇప్పటికీ ఉంది. దాని ఫొటో పుస్తకంలో వేస్తున్నారు.

ఇంతకీ ఈ పద్ధతిని మొదలుపెట్టింది ఎవరు? లైబ్రేరియన్ రాసిన చిత్తుప్రతిలో ఉన్నది నా పేరు. ఫర్వానియాలో ఉండే ఒక క్రమశిక్షణ గల స్టోర్‌కీపర్, సభలు గంటలకొద్దీ సాగకుండా ఈ ఉపాయం కనిపెట్టారని ఒక పేరా రాసింది. నేను అమ్ఘరాలో బిల్డింగ్ మెటీరియల్ యార్డులో చాలాకాలం స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇక్కడే పనిచేస్తున్న మా అబ్బాయి దగ్గర ఉంటున్నాం. ఆ పేరాను మా ఆవిడకు తెలుగులో రెండుసార్లు చదివి వినిపించాను. కోడలు దాన్ని బంధువులందరికీ పంపింది. పుస్తకంలో వేయడానికి ఫొటో కావాలంటే ఆ సాయంత్రమే స్టూడియోకు వెళ్లి, అబ్బాయి కోటు వేసుకొని తీయించుకున్నాను. మా ఆవిడ ఆ ఫొటో చూసి, "కోటేసుకొని గోంగూర ఒలిచేవాడు ఎవడండీ?" అంది. నేను పట్టించుకోలేదు.

చిత్తుప్రతితో పాటు లైబ్రేరియన్ మూడు ప్రశ్నలు పంపింది. మొదటిసారి ఆకు ఒలిచింది ఏ రోజు? ఆ రోజు ఆకు తెచ్చింది ఎవరు? అభ్యంతరం చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మూడో ప్రశ్న కింద ఒక మాట కలిపింది. ఏ సంఘం చరిత్ర చూసినా, అన్నిటికంటే మంచి పనిని వద్దన్నవాడు ఒకడుంటాడు, అతన్ని వెతికి పట్టుకోవడం తనకు సరదా అని.

మూడో ప్రశ్నకు డైరీ తెరవకుండానే జవాబు రాశాను. మా వాళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు అని.

మిగతా రెండింటి కోసం మంచం కింది సూట్‌కేసులు బయటికి లాగాను. యార్డులో ఏటా ఇచ్చే డైరీలు, శుక్రవారాలు ఎరుపు రంగులో ఉండేవి, వరసగా కట్టలు కట్టి పెట్టుకున్నాను. మామూలు సంగతులు నీలం సిరాతో, అభ్యంతరాలు ఎర్ర సిరాతో రాయడం నా అలవాటు. గంటలో కావలసిన పేజీ దొరికింది. "ఆకు ఒలుస్తూ చర్చించే పద్ధతిని ఇకపై ప్రతి శుక్రవారం పాటించాలని ప్రతిపాదించాను. అందరూ ఒప్పుకున్నారు." నీలం సిరా, నా చేతిరాత. అక్కడే ఫొటో తీసి పంపేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

కానీ స్టోర్‌కీపర్ బుద్ధి ఒకటుంది. సరుకు బయటికి పోయినట్టు రాసి ఉంటే, అంతకుముందు లోపలికి వచ్చినట్టూ రాసి ఉండాలి. పద్ధతిని ఇకపై పాటించాలి అన్నానంటే ఆ పద్ధతి అప్పటికే ఎక్కడో మొదలై ఉండాలి కదా. వెనక్కి తిప్పాను. వారం ముందు శుక్రవారం ఇలా ఉంది: "మళ్లీ ఆకు. ఈసారీ అందరూ ఒలిచారు. నేను ఒలవలేదు." ఇంకో వారం వెనక్కి పోతే ఎర్ర సిరా. "నేటి సభలో ఒక సభ్యురాలు ఇంటిపని తెచ్చుకొని చేస్తూ కూర్చున్నది. సభా మర్యాద కాదని అభ్యంతరం చెప్పాను. ఎవరూ బలపరచలేదు."

ఆ పేజీలో మిగతావి కూడా చదివాను. ఆ రోజు కుర్చీలు ఎన్ని ఉన్నాయో రాశాను. అధ్యక్షత వహించింది ఎవరో రాశాను. కరెంటు ఎంతసేపు పోయిందో కూడా రాశాను. ఆకు తెచ్చిన మనిషి ఎవరో మాత్రం రాయలేదు. ఒక సభ్యురాలు, అంతే. మరి నర్సమ్మకు ఈ కథ చెప్పింది ఎవరు? ఆమె మా సంఘంలోకి వచ్చింది ఆ తర్వాత ఏడాదికి. చెప్పింది నేనే. అబద్ధం చెప్పాలని కాదు. ఇన్నేళ్లలో నాకు గుర్తున్నది నీలం సిరా ఒక్కటే.

రెండు రోజులు ఏమీ పంపలేదు. ఇంకా పంపలేదేమని మా ఆవిడ అడిగితే, వెలుతురు సరిగా లేక ఫొటో మసకగా వస్తోందని చెప్పాను. నిజానికి మధ్యాహ్నం పన్నెండుకు కువైట్‌లో ఉన్నంత వెలుతురు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

మూడో రోజు సులైబియా వెళ్లాను. అక్కడ కూరగాయల గోదాములో మా నిజామాబాద్ తమ్ముడు పనిచేస్తాడు. మా సంఘానికి ఆకు తెచ్చేది అతనే. పక్కనున్న తోటలో ఒక మూల అడిగి గోంగూర వేసుకున్నాడు. మొదటి రోజుల నుంచి ఉన్నవాడు, నన్ను కాకా అంటాడు. ఉల్లిపాయల బస్తాల మీద కూర్చోబెట్టి లబన్ మజ్జిగ తాగించాడు. నేను నేరుగా అడగకుండా, ఆ మొదటి రోజు సంగతి నీకేమైనా గుర్తుందా అన్నాను. అతను నవ్వడం మొదలుపెట్టాడు.

"గుర్తు లేకేంది కాకా. అక్క ఆకు సంచి తెచ్చి ముంగట ఏసుకుంది. నువ్వు గరమైనవ్. ఇది సభనా, వంటిల్లా అన్నవ్. అక్క ఏమనకుంట సంచి పట్టుకొని బాల్కనీలకు పోయి కూసుంది. ఆమెతోని మాట్లాడేది ఉండె గదా, ఒక్కొక్కలం లేసి మేము గూడ బాల్కనీలకే పోయినం. ఆకు తెంపుకుంట ఆడ్నే మీటింగ్ జేసినం. హాల్ల నువ్వొక్కనివే కూసున్నవ్ కుర్చీల."

"మరి నేనేం చేశాను?"

"ఏం జేస్తవ్. డైరీల రాస్కున్నవ్."

గోదాములో మిగతావాళ్లు కూడా నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. అతను ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ రోజు ఆకు గోంగూర కాదట. అరబ్బుల ఇళ్లల్లో వండే ములూఖియా. గోంగూర ఆ తర్వాత వారం మేం పెట్టుకున్నది.

అక్క అంటే మా రాయచోటి అక్క. మా ఆడవాళ్లలో అందరికంటే ముందు వచ్చిన మనిషి. నన్ను అన్నా అంటుంది. ఇరవై ఏళ్లు దాటింది, ఒకే ఇంట్లో వంటా పనీ చేస్తోంది. ఈ నెలాఖరుకు ఇఖామా రద్దు చేయించుకొని ఊరికి పూర్తిగా వెళ్లిపోతోంది. కిందటి శుక్రవారం ఎవరో, ఊళ్లో దిగాక అందరూ ఏమడుగుతారో చూసుకో అని ఆటపట్టిస్తే, "ఇన్నేండ్లు కువైట్లో ఏం జేసినావంటే ఏం సెప్పేది? అంట్లు తోమినా, ములూఖియా వండినా అని సెప్పాలా?" అని తనే అందరికంటే ఎక్కువగా నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను. ఉల్లిపాయల బస్తా మీద కూర్చొని ఉండగా ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. ఆమె సొంతమని చెప్పుకోవడానికి ఒకటుంది. అది నా పేరు మీద, కోటు ఫొటోతో సహా, ఆస్ట్రేలియాలో అచ్చు కాబోతోంది.

ఆ శుక్రవారమే నర్సమ్మ వీడియోలో మా అందరి ముందు ఆ అధ్యాయం చదువుతానంది. తర్వాత పుస్తకం అచ్చుకు పోతుంది. ఇక్కడ పొద్దున పదయితే అక్కడ సాయంత్రం ఐదు. మా హాల్లో చేరాం. అబ్బాయి టీవీకి ఫోను కలిపాడు. తెర మీద మెల్‌బోర్న్‌వాళ్లు స్వెట్టర్లు, మఫ్లర్లు వేసుకొని మెంతికూర ముందు పెట్టుకొని కూర్చున్నారు. ఇక్కడ మేం ఏసీ పెద్దది చేసి, గోంగూర చుట్టూ. లైబ్రేరియన్ పెద్దావిడ ఉన్ని టోపీతో మధ్యలో కూర్చొని, ఒక్కో ఆకునూ పుస్తకంలో పేజీ తిప్పినంత జాగ్రత్తగా ఒలుస్తోంది. అక్క మామాను అడిగి ఆ రోజు పొద్దున్నే వచ్చింది. మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు. ఎప్పటిలాగే దుప్పటి అంచున కూర్చొని అందరికంటే వేగంగా ఒలుస్తోంది.

నర్సమ్మ ఇంగ్లీషు పేరా చూస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. క్రమశిక్షణ గల స్టోర్‌కీపర్ అనగానే మా వాళ్లు నావైపు చూసి చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది. చేతులకు అంటిన ఆకులు దులుపుకొని మరీ కొట్టింది.

"అభ్యంతరం ఉంది" అన్నాను.

హాలంతా గొల్లుమంది. మా సభల్లో ఈ మాట నా నోట విననివాళ్లు లేరు. తెర మీద నర్సమ్మ కూడా నవ్వి, "మీ గురించి మంచిగా రాసినా అభ్యంతరమేనా బాబాయ్ గారూ?" అంది.

డైరీ తీశాను. పేజీల మధ్య కాగితం ముక్కలు పెట్టుకొని వచ్చాను. మొదట ఎర్ర సిరా చదివాను, తర్వాత నేను ఒలవలేదన్నది, చివరికి నీలం సిరా. నర్సమ్మ ఒక్కొక్క వాక్యాన్నీ ఇంగ్లీషులో చెబుతుంటే లైబ్రేరియన్ ఆకు వదిలేసి పెన్ను పట్టుకుంది. 'నేను ఒలవలేదు' అన్న చోట ఆమె నవ్విన నవ్వుకు మఫ్లరు జారిపోయింది. వద్దన్నవాడు దొరికాడు, అదీ తన డైరీతో తనే వచ్చి దొరికాడు, ఇన్నేళ్లలో తనకిలా ఎప్పుడూ జరగలేదు అందట. నేను అప్పుడు, ఆ సభ్యురాలు ఎవరో డైరీలో లేదు, కానీ ఈ దుప్పటి అంచునే కూర్చుని ఉంది అని చెప్పాను. మొదలుపెట్టింది ఆమె, ఒక వారం కుర్చీలో, ఒక వారం మూతి ముడుచుకొని గడిపి మూడో వారం తీర్మానం చేసింది నేను అన్నాను.

నిజామాబాద్ తమ్ముడు చెయ్యెత్తాడు. "నేను బలపరుస్తున్న. జర లేటయింది గని."

అందరూ అక్కవైపు తిరిగారు. ఆమె కట్టలోంచి ఇంకో కాడ తీసుకుంది.

"నాకు తెల్సులే అన్నా. పెద్దమనిసి, రాసుకుంటాండాడు, రాసుకోనీలే అనుకుంటి. ఆస్ట్రేలియాలో అచ్చేస్తారని కలగన్నానా?"

లైబ్రేరియన్ నర్సమ్మ ద్వారా అడిగింది, అసలు ఆ రోజు ఆకు ఎందుకు తెచ్చావని. అక్క చెప్పింది. ఆ రోజుల్లో ఆమెకు శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలే సెలవు. ఆ వేళకు డ్రైవరు ములూఖియా తెచ్చి వంటింట్లో పడేశాడు. ఒలిచి పెట్టాకే పొమ్మంది మామా. "పన్నెండు కట్టలు. అయ్యి ఒలిసి వచ్చేసరికి మీ మీటింగ్ అయిపోతాది. అందుకే సంచిలో ఏసుకొని వచ్చేస్తి. దీంట్లో నేను కనిపెట్టిందేముండాది? టైం లేకపాయె." బాల్కనీలో అందరూ తలా ఒక కట్ట తీసుకోవడంతో పని ముప్పావు గంటలో తేలిపోయిందట. మిగిలిన టైం అంతా తను హాయిగా కూర్చొని మాట్లాడిందట. కువైట్ వచ్చాక అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారని చెప్పింది. మరుసటి వారం ఆమె దగ్గర పని లేకపోయినా, అలవాటైన చేతులు కదా అని తమ్ముడు గోంగూర తెచ్చాడు. అంతే జరిగింది.

మరి పుస్తకంలో నీ పేరు ఎలా రాయమంటావని లైబ్రేరియన్ అడిగింది. అక్క మొదట చేతిలో ఉన్న కట్ట పూర్తిగా ఒలిచింది. కాడలు ఒక పక్కకు, ఆకు ఒక పక్కకు నెట్టింది.

"రాయమ్మా. అయితే సరిగ్గా రాయి. పన్నెండు కట్టలు. మా ఆడోళ్లు బాగనే ఒలిసినారు. కాడలు కలిపేసింది మగోళ్లు. వారం దినాలు మామాతో తిట్లు తినింది నేను."

ఇది కూడా రాయాలా అని నర్సమ్మ అడిగితే, ముఖ్యంగా అదే రాయాలంది లైబ్రేరియన్.

ఆకు అయిపోయింది. సభ ముగిసింది. మెల్‌బోర్న్‌వాళ్ల మెంతికూర మాత్రం ఇంకా మిగిలే ఉంది, వాళ్లు ఇంకా కూర్చున్నారు.

తర్వాత ఫొటో సంగతి వచ్చింది. ఫోనులో తీద్దామంటే అక్క ఒప్పుకోలేదు. అన్న స్టూడియోలో దిగినాడంట కదా, నేనూ ఆడనే దిగుతా అంది. మా ఆవిడ తోడు వెళ్లింది. అక్క ఊరికి తీసుకుపోవడానికి కొనుక్కున్న ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. స్టూడియో అతను పక్కన ప్లాస్టిక్ పూల కుండీ పెట్టబోతే వద్దని, సంచిలోంచి గోంగూర కట్ట తీసి పట్టుకుందట. అతను మలయాళీ, చాలా రకాల ఫొటోలు తీసినవాడే, ఆకుకూరతో మాత్రం ఎప్పుడూ తీయలేదన్నాడట.

పది రోజులకు అచ్చుకు సిద్ధమైన పేజీలు ఫోనుకు వచ్చాయి. పేజీ సగానికి అక్క ఫొటో, కింద ఆమె పేరు, ఊరు, ఆమె చెప్పిన మాటలు పన్నెండు కట్టలతో సహా. కాడలు కలిపిన మగవాళ్ల ప్రస్తావన ఉంది. నా పేరా పూర్తిగా పోయింది. నా ఫొటో పోయిందనుకున్నాను. పేజీ తిప్పితే మూలన చిన్నగా ఉంది. అబ్బాయి కోటులో, గడ్డం పైకెత్తి, నేను. కింద ఇంగ్లీషులో రాసినదానికి అర్థం ఇది: అభ్యంతరం చెప్పి, డైరీలో రాసుకొని, ఆ డైరీని దాచకుండా తెచ్చి చూపించినవారు.

మా ఆవిడ అద్దాలు పెట్టుకొని చూసింది. "ఇప్పుడు కుదిరిందండీ కోటు" అంది.

అక్క ఆ పేజీలను మామాకు చూపించిందట. మామా ఇప్పుడు బాగా పెద్దదైంది, చేతికర్రతో నడుస్తుంది. మనవరాలి చేత ఇంగ్లీషు చదివించుకొని విని, అది నా ములూఖియా కదా, మరి నా పేరేదీ అని అడిగిందట. ఈ సంగతి నర్సమ్మకు చెప్పాను. లైబ్రేరియన్ ఆ మాట కూడా రాసుకుంది.

నెలాఖరు శుక్రవారం అక్కకు ఇక్కడ చివరి సభ. అందరూ వచ్చారు. తమ్ముడు గోంగూర తెచ్చాడు. అక్క పెట్టెల బరువు ఎంత, రాయచోటి బస్సు ఎక్కడ ఎక్కాలి, ఊళ్లో దిగగానే ఆ పుస్తకం పేజీ ముందు ఎవరికి చూపించాలి, ఇవీ ఆ రోజు చర్చలు. మూడో ప్రశ్నకు అక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కువైట్లో ఏం జేసినావని మొదట అడిగే ఆడపడుచుకట. మాటల మీద మాటలు పడి ఎవరూ గమనించలేదు, దుప్పటి మీద ఆకు అయిపోయింది. అందరం ఊరికే కూర్చున్నాం. అక్క చెప్పులవైపు చూసింది. నియమం నియమమే.

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. పొద్దున్నే కూరగాయల దుకాణంలో కొని తడి గోనెలో దాచిన సంచి తెచ్చి దుప్పటి మీద బోర్లించాను. ములూఖియా, పన్నెండు కట్టలు, లెక్క సరిచూసుకొని తెచ్చాను. సభ ఇంకా అయిపోలేదని చెప్పాను. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాను. లేదు.

కుర్చీ తీసి గోడకు ఆనించి, అక్క పక్కన దుప్పటి మీద కూర్చున్నాను. మోకాళ్లు మడవడానికి కొంచెం టైం పట్టింది. ములూఖియా ఒలవడం నాకు చేతకాదు. సన్న కాడ, జిగురు ఆకు, ఏది ఎక్కడ తుంచాలో తెలియదు. అక్క నా చేతులను కాసేపు చూసి, తమ్ముడితో అంది.

"ఈయనా కాడలు కలుపుతాండాడు సూడు. రాసుకోన్నా, ఇది గూడా రాసుకో."

ఎడమ చేతిలో కాడ అలాగే పట్టుకొని, కుడి చేత్తో జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాను.